వేసవి సెలవుల్లో పిల్లల పళ్ళు: అమ్మమ్మగారింటికి పంపేముందు చూసుకోవాల్సినవి

ఏప్రిల్ చివర్లో బడులకి సెలవులిస్తే మళ్ళీ తెరిచేది జూన్‌లోనే. పిల్లల పళ్ళకి ఏడాది మొత్తంలో గడ్డు కాలం ఇదే. బడి ఉన్నన్నాళ్ళూ తిండికి ఒక టైం ఉంటుంది, పొద్దున టిఫిను, మధ్యాహ్నం డబ్బా, సాయంత్రం ఇంటికొచ్చాక ఏదో ఒకటి. సెలవుల్లో ఆ లెక్క పోతుంది. ఎండకి బయటికి పోనివ్వం కాబట్టి ఇంట్లోనే ఉంటారు, ఫ్రిజ్ తలుపు తీస్తూ మూస్తూ, పొద్దున్నుంచి పడుకునేదాకా నోరు ఆడుతూనే ఉంటుంది.

మా అబ్బాయికి ఏడేళ్ళప్పుడు సెలవులన్నీ మా అమ్మ దగ్గరే గడిపాడు. అమ్మ ప్రేమ కొద్దీ నారింజ రంగు షర్బత్ కలిపి లీటరు సీసాలో పోసి ఫ్రిజ్‌లో పెట్టేది. వాడు టీవీ చూస్తూ మధ్యమధ్యలో వెళ్ళి ఒక్కో గుక్క తాగి వచ్చేవాడు. మొత్తం మీద రోజుకి రెండు గ్లాసులే కదా అని నేనూ పట్టించుకోలేదు. జూన్‌లో ఒక రాత్రి రెండు గంటలకి చెంప పట్టుకుని ఏడుస్తూ లేచాడు. ఫోన్ టార్చ్ వేసి చూస్తే కింది దవడలో చివరి పన్ను మీద నల్లటి గుంట, అందులో ఇరుక్కుపోయిన మామిడి తాండ్ర ముక్క. పాలపన్నే కదా, ఊడిపోతుందిలే అనుకున్నాను. అది పాలపన్ను కాదని, జీవితాంతం ఉండాల్సిన పన్ను అని పళ్ళ డాక్టర్ చెప్పేదాకా నాకు తెలియదు. అప్పటికే మొదలైన పుచ్చుని ఈ సెలవులు ముదరబెట్టాయని కూడా ఆవిడే చెప్పింది.

ఈ సంగతి చాలామంది తల్లిదండ్రులకి తెలియదు కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాను. సుమారు ఆరేళ్ళకి పాల పళ్ళ వరస వెనక, ఏ పన్నూ ఊడకుండానే, కొత్త దవడ పన్ను వస్తుంది. కిందా పైనా, రెండు వైపులా కలిపి నాలుగు. ఏదీ ఊడలేదు కాబట్టి కొత్తది వచ్చిందని మనకి తట్టదు. వాటి మీద గాళ్ళు (సన్నటి గీతల్లాంటి గుంటలు) లోతుగా ఉంటాయి, పైపొర ఇంకా గట్టిపడి ఉండదు, బ్రష్ అంత వెనక్కి అందదు. అందుకే ముందుగా పుచ్చేది తరచుగా అవే. పోనీ పాల పళ్ళైతే మాత్రం వదిలేయొచ్చా అంటే అదీ కాదు, దవడ వైపు పాల పళ్ళు పది, పన్నెండేళ్ళ దాకా ఉండాలి. ముందే తీయించాల్సి వస్తే పక్క పళ్ళు ఆ ఖాళీలోకి జరిగి, కింద నుంచి వచ్చే పన్నుకి చోటు చాలక వంకరగా వస్తుంది.

పన్ను ఎలా పుచ్చుతుందో తెలిస్తే ఏది ఆపాలో మీకే తెలుస్తుంది. పళ్ళ మీద పాచిలో ఉండే సూక్ష్మజీవులు మనం తిన్న చక్కెరని నిమిషాల్లో ఆమ్లంగా మారుస్తాయి, ఆ ఆమ్లం పంటి పైపొరలోని ఖనిజాన్ని కరిగిస్తుంది. తర్వాత లాలాజలం దాన్ని కడిగి, పోయిన ఖనిజాన్ని కొంత తిరిగి నింపుతుంది. దానికి అరగంట నుంచి గంట దాకా పడుతుంది. షర్బత్ గ్లాసుడు అన్నంతో పాటు ఒకేసారి తాగేస్తే పంటి మీద ఒక్క దాడి. అదే గ్లాసు గుక్క గుక్కగా సాయంత్రం దాకా తాగితే లాలాజలానికి పని చేసే సందే దొరకదు. కాబట్టి ఎంత తిన్నాడని చూసినట్టే, ఎన్నిసార్లు తిన్నాడో కూడా లెక్క పెట్టండి. తీపి ఏదైనా సరే భోజనంతో పాటే పెట్టేయండి, తిండికీ తిండికీ మధ్య రెండు గంటలైనా నోటికి విశ్రాంతి ఇవ్వండి, ఆ మధ్యలో దాహమైతే నీళ్ళు.

కూల్‌డ్రింక్ 250 మిల్లీలీటర్ల సీసాలో మామూలుగా ఆరు చెంచాల దాకా చక్కెర ఉంటుంది. రోజుకి తినే కేలరీల్లో విడిగా కలిపిన చక్కెర, తేనె, పండ్ల రసాల్లోని తీపి అన్నీ కలిపి 5 శాతం లోపు ఉంటే ఇంకా మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పింది. ఆరేళ్ళ పిల్లలకి అది సుమారు నాలుగు చెంచాలు. చక్కెర లేని కూల్‌డ్రింక్ అని కొన్నా లాభం లేదు, అందులోనూ పంటిని కరిగించే ఆమ్లం ఉంటుంది. నిమ్మరసం, చెరకు రసం, డబ్బాలో అమ్మే మామిడి జ్యూస్ ఇంట్లో ఆరోగ్యం పేరుతో ఇస్తాం కానీ పంటికి అవీ తీపే, పులుపే. అలాంటివి తాగిన వెంటనే బ్రష్ చేయించకండి, నీళ్ళతో పుక్కిలించి అరగంట ఆగాలి. ఇంకో ముఖ్యమైన సంగతి, పండ్ల రుచితో ఓఆర్ఎస్ అని అమ్మిన తీపి నీళ్ళ గురించి. హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ గారు ఏళ్ళ తరబడి పోరాడాక, 2025 అక్టోబరులో ఎఫ్ఎస్ఎస్ఏఐ (ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ) అలాంటి వాటి మీద ఆ పేరు వాడకూడదని ఆదేశించింది. అసలైన ఓఆర్ఎస్‌లో లీటరుకి 13.5 గ్రాముల గ్లూకోజ్ మాత్రమే ఉంటుంది. ఎండకి మజ్జిగ, కుండలో నీళ్ళు, తాటి ముంజలు ఉండగా వేరే ఏవీ అక్కర్లేదు.

తినేవాటిలో అంటుకునేవే ఎక్కువ ప్రమాదం. తాండ్ర, చాక్లెట్, క్రీమ్ బిస్కెట్లు సరే, చిప్స్ తీపి కాదు కదా అనుకుంటాం, కానీ ఆ పిండి పదార్థం నమిలి నమిలి గాళ్ళలో ముద్దలా కూరుకుపోయి అక్కడే చక్కెరగా మారుతుంది. బెల్లం, తేనె కూడా పంటికి చక్కెరే. మామిడిపండు కోసి పెట్టండి, భయం లేదు. ఉడికించిన పల్లీలు, శనగలు పెద్ద పిల్లలకి మంచివి (అయిదేళ్ళలోపు వాళ్ళకి గొంతుకి అడ్డం పడే ప్రమాదం ఉంది, వాళ్ళకి వద్దు).

ఊరికి పంపే వారం ముందే ఒకసారి పళ్ళ డాక్టర్‌కి చూపించండి. కొత్త దవడ పళ్ళ గాళ్ళని పూతతో మూసేస్తారు, నొప్పి ఉండదు, సూదీ ఉండదు. ఇంట్లో మీరే పిల్లాణ్ణి కిటికీ దగ్గర వెలుగులో కూర్చోబెట్టి పై పెదవి ఎత్తి చూడండి, చిగురు అంచున సుద్దతో గీసినట్టు తెల్లటి చార కనిపిస్తే అదే పుచ్చుకి మొదలు, ఆ దశలో ఆపొచ్చు. ఫ్లోరైడ్ పేస్టు మూడేళ్ళలోపు బియ్యపు గింజంత, ఆరేళ్ళ దాకా బఠాణీ గింజంత చాలు. నల్గొండ లాంటి చోట్ల బోరు నీళ్ళలోనే ఫ్లోరైడ్ ఎక్కువున్న ఊళ్ళకి వెళ్తుంటే ఏ పేస్టు వాడాలో డాక్టర్‌ని అడగండి. ఏడెనిమిదేళ్ళ దాకా రాత్రి బ్రష్ పెద్దవాళ్ళే చేయించాలి, చేశాక నీళ్ళు తప్ప ఇంకేమీ వద్దు, నిద్రలో లాలాజలం బాగా తగ్గుతుంది. పాలసీసా నోట్లో పెట్టుకుని పడుకునే చంటివాళ్ళుంటే ఆ అలవాటు ముందు మాన్పించాలి.

అమ్మమ్మలకి చెప్పడమే కష్టం. "పెట్టొద్దమ్మా" అంటే నొచ్చుకుంటారు. నేను ఆ మరుసటి ఏడు, "అమ్మా, నువ్వు ఏం పెట్టినా సరే, అన్నంతో పాటే పెట్టు, సీసా మాత్రం వాడి చేతికివ్వకు" అన్నాను. ఆ ఒక్కటీ తు.చ. తప్పకుండా పాటించింది.

ఒకవేళ అక్కడ ఉండగా నొప్పి మొదలైతే, గోరువెచ్చటి ఉప్పునీళ్ళతో పుక్కిలించి, బరువుకి తగ్గ పారాసిటమాల్ వేసి మర్నాడే చూపించమనండి. నొప్పి మాత్రని నలిపి చిగురు మీద పెట్టనివ్వకండి, కాలిపోతుంది. చెంప వాచి జ్వరం కూడా వస్తే మాత్రం తెల్లారేదాకా ఆగకూడదు, ఆ రాత్రే ఆసుపత్రికి తీసుకెళ్ళాలి.