మెట్లు కట్టించేటప్పుడు: ముందు టేపు, తర్వాతే సెంట్రింగ్

కావలిలో మేం ఇల్లు కట్టుకున్నప్పుడు తలుపుల కలప గురించి, టైల్స్ రంగు గురించి నెలల తరబడి మాట్లాడుకున్నాం. మెట్ల విషయం వచ్చేసరికి మేస్త్రీ "ఏడంగుళాల ఎత్తు పెడతా సార్" అంటే సరే అన్నాం, అంతే. ఇల్లంతా పూర్తయ్యాక టేపు పెట్టి కొలిస్తే అన్ని మెట్లూ ఏడంగుళాలే, పైన చివరిది మాత్రం ఎనిమిదిన్నర. ఆ ఒకటిన్నర అంగుళమే మా అమ్మ బొటనవేలికి రోజూ తగిలేది. ఒకరోజు డాబా మీద ఆరేయడానికి తడి బట్టల బకెట్ పట్టుకుని ఎక్కుతూ అక్కడే పడింది, మణికట్టు విరిగింది. అందుకే ఇల్లు కట్టుకునేవాళ్లు ఎవరు అడిగినా నేను ముందు మెట్ల గురించే చెబుతాను.

ఎవరమైనా ప్రతి మెట్టూ చూసుకుంటూ ఎక్కం. మొదటి రెండు మెట్లకే కాలికి ఎత్తు అలవాటైపోతుంది, ఆ తర్వాత అన్నీ అంతే ఉంటాయన్న నమ్మకంతో కాలు లేస్తుంది. మధ్యలో ఒక్కటి అరంగుళం తేడా వచ్చినా కాలు తగిలి తూలిపోతాం. మెట్టు ఆరంగుళాలా ఏడా అన్నది తర్వాతి సంగతి, అన్నీ ఒకే ఎత్తులో ఉండాలన్నది మాత్రం ఏ పరిస్థితిలోనూ వదులుకోకూడదు.

మేస్త్రీతో మాట్లాడటానికి నాలుగు మాటలు తెలిస్తే చాలు. కాలు పెట్టే బల్లపరుపు భాగం ట్రెడ్, నిలువు ఎత్తు రైజర్, మధ్యలో మలుపు తిరిగే అరుగు ల్యాండింగ్, ఒక అరుగు నుంచి ఇంకో అరుగు దాకా ఉన్న మెట్ల వరుస ఫ్లైట్. మెట్లన్నిటినీ మోసే ఏటవాలు స్లాబుని వెయిస్ట్ స్లాబ్ అంటారు. గ్రానైట్ అంచు రైజర్ కంటే అంగుళం ముందుకి వస్తుంది చూడండి, అది నోసింగ్.

ఇప్పుడు లెక్క. కింది ఫ్లోరింగ్ పైనుంచి పై అంతస్తు ఫ్లోరింగ్ పైదాకా కొలవాలి, స్లాబు నుంచి స్లాబుకి కాదు. అది పదిన్నర అడుగులు అనుకోండి, అంటే 126 అంగుళాలు. ఏడుతో భాగిస్తే సరిగ్గా 18 రైజర్లు. రెండు రైజర్లూ ఒక ట్రెడ్డూ కలిపితే 24, 25 అంగుళాల దగ్గర ఉండాలన్నది పాత సూత్రం, మన అడుగుకి అది సరిపోతుంది. ఏడంగుళాల రైజర్‌కి పదో పదకొండో అంగుళాల ట్రెడ్ అన్నమాట. 18 రైజర్లని 9, 9గా రెండు ఫ్లైట్లు చేస్తే ఒక్కోదాంట్లో 8 ట్రెడ్లు వస్తాయి, ఎందుకంటే తొమ్మిదో అడుగు ల్యాండింగ్ మీదే పడుతుంది. 8 ట్రెడ్లు పదేసి అంగుళాల చొప్పున 80, మూడడుగుల ల్యాండింగ్ 36, మొత్తం 116. అంటే మెట్ల గదికి లోపలి పొడవు 9 అడుగుల 8 అంగుళాలు కావాలి. ఇంట్లో పెద్దవాళ్లు ఉండి, స్థలం కూడా ఉంటే ఆరంగుళాల రైజర్, పన్నెండు అంగుళాల ట్రెడ్ పెట్టించండి, మోకాళ్లకి ఎంతో సుఖం. కాకపోతే అప్పుడు 21 రైజర్లు వస్తాయి, పొడవు 13 అడుగులు పడుతుంది.

మెట్లు బేసి సంఖ్యలో ఉండాలని ఇంట్లో పెద్దలు అంటారు, మా ఇంట్లోనూ అన్నారు. దానికోసం ఒక మెట్టు ఎత్తు తగ్గించి ఇంకో మెట్టు ఇరికించే పని అస్సలు చేయొద్దు. పై లెక్కలోనే 8 ట్రెడ్లు, ల్యాండింగ్, మళ్లీ 8 ట్రెడ్లు కలిపి 17 అవుతాయి, అడుగు పెట్టే చోట్లు బేసే. ఎక్కడ మొదలుపెట్టి ఎక్కడిదాకా లెక్కపెట్టాలో పెద్దవాళ్లని ముందే అడిగేసి డ్రాయింగ్‌లోనే తేల్చుకోండి.

వెడల్పు మూడడుగులకి తగ్గనీయకండి, మూడున్నర అయితే ఫ్రిజ్జు, బీరువా గోడకి గీరుకోకుండా ఎక్కుతాయి. ల్యాండింగ్ వెడల్పు మెట్ల వెడల్పు కంటే తగ్గకూడదు. మెట్టు మీద నుంచి పైనున్న స్లాబు దాకా ఏడడుగుల పైచిలుకు ఖాళీ కావాలి. ల్యాండింగ్ కింద బాత్రూమ్ పెడదామని చాలామంది అనుకుంటారు గానీ, 9 రైజర్ల మీద ల్యాండింగ్ ఎత్తు 63 అంగుళాలు, అందులో స్లాబు మందం ఆరు పోతే మిగిలేది 4 అడుగుల 9 అంగుళాలే. అక్కడ ఇన్వర్టరో మోటారో పెట్టుకోండి. బాత్రూమ్ తప్పదంటే కింది ఫ్లైట్‌లో 12, పైదాంట్లో 6 రైజర్లు చేయొచ్చు, దానికి పొడవు 12 అడుగుల పైనే కావాలి.

మా ఇంట్లో జరిగిన తప్పు ఎలా వచ్చిందో ఇప్పుడు చెబుతాను, చాలా ఇళ్లలో వచ్చేది ఇదే. మెట్లు పోసినప్పుడు అన్నీ ఏడంగుళాలే. తర్వాత ట్రెడ్ల మీద ముప్పావు అంగుళం గ్రానైట్, దాని కింద సిమెంటు మాలు, కలిపి రెండంగుళాలు పెరిగింది. పై అంతస్తు స్లాబు మెట్ల దగ్గర కాస్త గుంట పడింది, దాన్ని మట్టం చేయడానికి అక్కడ ఫ్లోరింగ్ మూడున్నర అంగుళాలు వేశారు. ఆ తేడా అంతా చివరి రైజర్ మీద పడింది. కింద దీనికి రివర్స్‌లో జరుగుతుంది. నేల కాంక్రీటు, టైల్స్ వేయకముందే మెట్లు పోసేస్తే, నేల లేచిన మేరకు మొదటి మెట్టు కూరుకుపోయి మూడు నాలుగు అంగుళాలే మిగులుతుంది.

దీనికి మందు సులువు. సెంట్రింగ్, అంటే కాంక్రీటు పోయడానికి కట్టే అచ్చు, మొదలుపెట్టే ముందే నీళ్లు నింపిన గొట్టంతో మట్టం చూసే ట్యూబ్ లెవెల్‌తో కిందా పైనా ఫ్లోరింగ్ పూర్తయ్యాక వచ్చే మట్టం ఎక్కడో గోడ మీద గీత కొట్టించండి. రెండు గీతల మధ్య ఎత్తుని రైజర్ల సంఖ్యతో భాగించి, పూర్తయిన మెట్లు ఎలా ఉంటాయో అలా గోడ మీద మెట్టు మెట్టూ గీయించండి. ప్రతి మెట్టు గీతకీ రెండంగుళాలు కిందికి ఇంకో గీత, కాంక్రీటు ఆగాల్సింది ఆ రెండో గీత దగ్గర. గంట పని. ఆ గోడని ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి, గ్రానైట్ మేస్త్రీ ఆర్నెల్ల తర్వాత వేరేవాడు వస్తాడు, అతనికి చూపించాలి.

ఇనుము విషయం ఇంజనీరు డ్రాయింగ్ ప్రకారమే నడవాలి. ఒక్క చోట మాత్రం మీరే వంగి చూడండి. ఏటవాలు స్లాబు పైకొచ్చి ల్యాండింగ్‌తో కలిసే మూల దగ్గర, అడుగున ఉన్న కమ్మీని అలాగే వంచి ల్యాండింగ్ అడుగునే పోనిస్తే, బరువు పడ్డప్పుడు అది తిన్నగా అవ్వాలని చూస్తూ కింది కాంక్రీటుని పెచ్చులుగా ఊడగొడుతుంది. ఏటవాలుగా వచ్చిన కమ్మీ తిన్నగా పోయి ల్యాండింగ్ పై భాగంలో కలవాలి, ల్యాండింగ్ అడుగున ఉండే కమ్మీ విడిగా వచ్చి ఏటవాలు స్లాబు పై భాగంలోకి పోవాలి, రెండూ కత్తెరలా దాటుకోవాలి. మూల దగ్గర బీమ్ లేకపోతే ఇది మరీ ముఖ్యం. కమ్మీల కింద కవర్ బ్లాకులు, అంటే కమ్మీ అచ్చుకి ఆనకుండా పెట్టే చిన్న దిమ్మలు, ఉన్నాయో లేదో కూడా అప్పుడే చూడండి. సముద్రపు గాలి తగిలే కొత్తపట్నం లాంటి ఊళ్లలో బయట మెట్లకి కవర్, అంటే కమ్మీని కప్పే కాంక్రీటు మందం, తగ్గితే ఇనుము తుప్పు పట్టడం ఎంతో సేపు కాదు.

కాంక్రీటు కింది మెట్టు నుంచి పైకి పోయాలి, పలచగా కలిపితే పైనుంచి జారి కింది మెట్లు ఉబ్బుతాయి. మన ఎండల్లో నీళ్లు పట్టడంలో బద్ధకం పనికిరాదు. మెట్ల మీద నీళ్లు నిలవవు కాబట్టి గోనె సంచులు పరిచి రెండు వారాలు తడుపుతూనే ఉండాలి, రోహిణి కార్తె అయితే పూటకి రెండుసార్లు. స్లాబు కింద ఆనించిన సర్వీ బాదులు కూడా 14 రోజులదాకా తీయనివ్వకండి.

పైన వేసే రాయి గురించి ఒక మాట. చీమకుర్తి పక్కనే ఉంది కదా అని అందరం గెలాక్సీ గ్రానైట్‌కే పోతాం, ఇంటి లోపల దాని అందమే వేరు. బయట మెట్లకి మాత్రం అద్దంలాంటి పాలిష్ వద్దు, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మా కావలి వైపు వానలు, తడి పాలిష్ మీద చెప్పుల కాలు నిలవదు. గరుకు ఫినిష్ తీసుకోండి, లేదా అంచు దగ్గర రెండు మూడు గాడులు కొట్టించండి. బయట ట్రెడ్ ముందుకి పిసరంత వాలు ఉంటే నీళ్లు నిలవవు.

రెయిలింగ్ మూడడుగుల పైన, మీటరు దాకా ఉండాలి. ఊచలు నిలువుగా, మధ్య సందు నాలుగంగుళాల లోపు. అడ్డ పైపులు చూడటానికి బాగుంటాయి గానీ పసివాళ్లు వాటిని నిచ్చెనలా ఎక్కేస్తారు. లైటుకి టూ వే స్విచ్ కిందా పైనా పెట్టించండి.

గ్రానైట్ అతికించే రోజు మీరు అక్కడే ఉండండి. మాలు ఆరకముందే కింద నుంచి పైదాకా ప్రతి రైజర్ టేపుతో కొలిచి, తేడా రెండు మూడు నూళ్లు (నూలు అంటే అంగుళంలో ఎనిమిదో వంతు) దాటితే అప్పుడే లేపించి మళ్లీ వేయించండి. అది గట్టిపడ్డాక గ్రానైట్ పగలగొట్టడం తప్ప దారి లేదు, మేం చివరికి చేసింది అదే. పై నాలుగు మెట్లూ ఊడదీసి, ఆ తేడాని నాలుగింటికీ పంచాం.