ఓ-యు-జి-హెచ్ పదాలు తికమక పడకుండా నేర్చుకోవడం ఎలా?

ఇంగ్లిష్‌లో ఓ, యు, జి, హెచ్ అనే నాలుగక్షరాలు పక్కపక్కన వస్తే ఒకచోట ‘అఫ్’ అని, ఒకచోట ‘ఓ’ అని, ఇంకోచోట ‘ఊ’ అని పలుకుతాయి. నేను స్పోకెన్ ఇంగ్లిష్ చెప్పడం మొదలుపెట్టి ఇరవై ఏళ్లు దాటింది. ప్రతి బ్యాచ్‌లోనూ బండి ఇక్కడే ఆగుతుంది. తప్పు పిల్లలది కాదు, వాట్సాప్‌లో తిరిగే ఆ ముప్పై పదాల జాబితాది. ఏ నుంచి జెడ్ వరకు వరసగా బట్టీ పడితే బరో, బౌ, బాట్ ఒకదాని వెనక ఒకటి వస్తాయి. మూడింటికీ పలుకులో పొత్తు లేదు. ముందు ఆ జాబితాను డిలీట్ చెయ్యండి.

కావాల్సింది ఒక రూళ్ల నోటుబుక్కు, ఒక పెన్సిల్. పెన్ను వద్దు, తప్పులు చెరపాలి. ఫోన్‌లో రాసుకోవడం అసలే వద్దు, స్పెల్లింగ్ అదే దిద్దేస్తుంది, మీకేమీ రాదు.

మొదట పదాలను పలుకును బట్టి గుంపులు చెయ్యండి. గుంపుకో పేజీ. ‘అఫ్’ పేజీలో రఫ్ (గరుకు), టఫ్ (గట్టి, కష్టం), ఇనఫ్ (చాలు). వాటి కిందే కాఫ్ (దగ్గు), ట్రాఫ్ (పశువుల తొట్టి). ‘ఔ’ పేజీలో ప్లౌ (నాగలి), బౌ (చెట్టు కొమ్మ), డ్రౌట్ (కరువు). ‘ఓ’ పేజీలో డో (పిండి ముద్ద), దో (అయినా). స్లఫ్ అనేది మాత్రం ‘అఫ్’, ‘ఔ’ పేజీలు రెండింట్లోనూ రాయాలి. నర్సింగ్ చదివేవాళ్లకు పుండు మీద పేరుకునే చచ్చిన కండ స్లఫ్. లండన్ పక్కనున్న ఊరు పేరుకూ అవే అక్షరాలు, కానీ అది స్లౌ.

పలుకును తెలుగు లిపిలోనే రాసుకోండి. అలా రాస్తే ఇంగ్లిష్ పాడవుతుందని కొందరు సార్లు భయపెడతారు. నేను ఒప్పుకోను. ఇంగ్లిష్ అక్షరాలు దాచిపెట్టిన పలుకును మన లిపి బయటపెడుతుంది, ఉన్న సదుపాయాన్ని ఎందుకు వదులుకోవాలి?

చివర టి చేరితే పని తేలిక: బాట్, బ్రాట్, ఫాట్, సాట్, థాట్. అన్నీ ‘ఆట్’, ఒక్క డ్రౌట్ తప్ప. కానీ బాట్ అంటే కొన్నాను, బ్రాట్ అంటే తెచ్చాను. ‘బజారు నుంచి వంకాయలు తెచ్చాను’ అంటే కొన్నట్టే కాబట్టి మనకు ఈ తేడా పట్టదు. నా దగ్గర చదువుకున్న కుర్రాడొకడు ఇంటర్వ్యూలో ఫైలు ముందుకు జరిపి ‘సర్, ఐ హావ్ బాట్ మై సర్టిఫికెట్స్’ అన్నాడు. సర్టిఫికెట్లు కొనుక్కున్నాను అని! ఎదుటాయన నవ్వి ఊరుకున్నాడు కాబట్టి సరిపోయింది.

ఇప్పుడు అసలు కష్టం. టఫ్, దో, త్రూ, థరో, థాట్. ఈ ఐదింటినీ విడివిడిగా నేర్చుకుంటే జీవితాంతం కలగాపులగమే. నిచ్చెనలా ఎక్కాలి.

టఫ్‌తో మొదలుపెట్టండి: టి, ఓ, యు, జి, హెచ్. టి పక్కన హెచ్ దూర్చండి, దో వస్తుంది. ఆ హెచ్ పక్కన ఆర్ దూర్చండి, త్రూ (ద్వారా, గుండా). ఆ ఆర్‌కు ముందు ఒక ఓ పెట్టండి, థరో (క్షుణ్ణంగా చేసిన). మెట్టుకో అక్షరం: ఐదు, ఆరు, ఏడు, ఎనిమిది. మళ్లీ దో దగ్గరికి దిగి చివర టి తగిలిస్తే థాట్ (ఆలోచన, అనుకున్నాను).

ఇక్కడ తొందరపడొద్దు. అక్షరం దూర్చేటప్పుడు పాత పదాన్ని పైకి చదవకండి. ‘టఫ్‌లో హెచ్ పెడితే థఫ్’ అని నోరు దానంతట అదే అనేస్తుంది, ఆ థఫ్ ఇక వదలదు. ముందు అక్షరాలు పలకండి, ఆగండి, అప్పుడు కొత్త పదం పలకండి. రోజుకు ఒక్క మెట్టే. రెండో మెట్టు మీద మూడు రోజులు నిలబడినా నష్టం లేదు.

ఆ మూడు రోజులు దో దగ్గరే గడపండి. మనం ‘వాన పడుతున్నా వచ్చాడు’ అంటాం, ‘అయినా’ అనే అర్థం క్రియకు అతుక్కుని వస్తుంది. ఇంగ్లిష్‌లో దో ముందు నిలబడుతుంది: ‘దో ఇట్ వాజ్ రెయినింగ్, హి కేమ్.’ మనవాళ్లు కామా తర్వాత ఊరుకోలేక ‘బట్ హి కేమ్’ అంటారు. దో ఉన్న వాక్యంలో అక్కడ బట్ పనికిరాదు. ఇది చెప్పీ చెప్పీ నా గొంతు పోయింది.

ఈ గందరగోళం ఎందుకని ప్రతిసారీ ఎవరో ఒకరు అడుగుతారు. ఒకప్పుడు ఆ జి, హెచ్‌లకు నిజంగానే ఒక పలుకుండేది. హైదరాబాద్ పాతబస్తీలో ‘ఖబర్’ అన్నప్పుడు గొంతులోంచి గరగరమని వచ్చే ‘ఖ’ లాంటిది. ఇంగ్లండ్‌లో 1476లో విలియం కాక్స్‌టన్ అచ్చు యంత్రం పెట్టాక స్పెల్లింగులు మెల్లగా గట్టిపడ్డాయి. నోళ్లు మాత్రం మారుతూనే పోయాయి. కొన్ని పదాల్లో ఆ ‘ఖ’ ఎగిరిపోయింది, కొన్నింట్లో ‘ఫ’గా మారింది. అమెరికావాళ్లు విసిగిపోయి ప్లౌను పి, ఎల్, ఓ, డబ్ల్యు అని రాసుకుంటున్నారు. ఎక్కిళ్లకు వాడే హికప్‌లో ఈ నాలుగక్షరాలూ దగ్గు అనే కాఫ్‌తో పొరబడి వచ్చి చేరినవే. దాన్ని మామూలుగా యు, పి తో రాసేయండి, ఎవరూ ఏమీ అనరు.

వారం తర్వాత పరీక్ష. పుస్తకం మూసేసి ఇంట్లో ఎవరినైనా తెలుగు అర్థాలు అటూ ఇటూ కలిపి అడగమనండి: ‘గుండా’, ‘కరువు’, ‘తెచ్చాను’, ‘అయినా’. మీరు స్పెల్లింగ్ రాసి, పదం పైకి పలకాలి. థరో దగ్గర తప్పితే దాన్ని ఒక్కదాన్నే దిద్దుకోకండి, మళ్లీ టఫ్ నుంచి ఎక్కండి.