ఇంగ్లీషు క్లాసులో కథ చదివించడం: నేను చేసే పద్ధతి

మొదట్లో నాకు మంచి టీచరని పేరుండేది. కథ మొత్తం నాటకంలా చెప్పేసేదాన్ని. ఏ పాత్ర ఎలాంటిది, రచయిత ఉద్దేశం ఏమిటి, కష్టమైన మాటలకు అర్థాలేమిటి, అన్నీ బోర్డు మీదకి ఎక్కించేదాన్ని. పిల్లలు శ్రద్ధగా రాసుకునేవారు. పరీక్షలో నా వాక్యాలే నా దగ్గరికి తిరిగొచ్చేవి. ఒక ఏడాది ఓ పాత్ర పేరు బోర్డు మీద తప్పు రాశాను. నలభై పేపర్లు దిద్దితే ముప్పైకి పైగా పేపర్లలో అదే తప్పు. పుస్తకం వాళ్ళ చేతుల్లోనే ఉంది. ఎవరూ తెరిచి చూసుకోలేదు. చూసుకోవాల్సిన అవసరం నేనే లేకుండా చేశాను.

అప్పట్నుంచి నాకో నియమం ఉంది: పిల్లలు చదవకముందు కథలో ఏముందో నేను చెప్పను. వినడానికి తేలికే గానీ, క్లాసులో ఆ మాట మీద నిలబడటానికి కొంత తయారీ కావాలి.

ముందు కథ ఎంపిక. ఒక పీరియడులో రెండుసార్లు చదవగలిగినంత చిన్నదై ఉండాలి. మొదటిసారి అందరూ ఏం జరిగిందనే చదువుతారు. అసలు సంగతి రెండోసారే తెలుస్తుంది. ఇక భాష స్థాయి. ఎవరి సాయం లేకుండా కథ అర్థం కావాలంటే అందులో నూటికి 98 మాటలు ముందే తెలిసి ఉండాలని హు, నేషన్ అనే ఇద్దరు పరిశోధకులు 2000లో చెప్పారు. అంటే 250 మాటలున్న పేజీలో తెలియనివి అయిదు. నేను ఒక పేజీ ఇచ్చి, తెలియని మాటల కింద పెన్సిలు గీత పెట్టమంటాను. ఎక్కువమందికి పది గీతలు దాటితే ఆ కథ ఇంటి దగ్గర చదువుకుని రమ్మని ఇచ్చేది కాదు, నేను పక్కనుండి చదివించాల్సింది. ముప్పై దాటితే పక్కన పెట్టేస్తాను, నాకెంత ఇష్టమైన కథైనా సరే. ఈ చివరిది నేర్చుకోవడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది.

మాటల అర్థాలు ముందే ఇరవై రాయించడం మానేశాను. ఏ మాట తెలియకపోతే కథే ఆగిపోతుందో అలాంటివి మూడో నాలుగో చెబుతాను. మిగతావి వాక్యంలోంచి ఊహించమంటాను, తర్వాత డిక్షనరీలో సరిచూసుకుంటారు.

ఇక చదివించడం. నేను ఎక్కువగా వాడే కథ అమెరికన్ రచయిత్రి కేట్ షోపాన్ రాసిన 'ద స్టోరీ ఆఫ్ యాన్ అవర్'. 1894 నాటిది, మూడు పేజీలు కూడా ఉండదు. చదవనివాళ్ళు తర్వాతి రెండు పేరాలు దాటేయండి, ముగింపు చెప్పక తప్పదు.

మిసెస్ మల్లార్డ్‌కి గుండె జబ్బు. రైలు ప్రమాదంలో భర్త పోయాడన్న కబురు ఆమెకి మెల్లగా చెబుతారు. మొదటిసారి ఇక్కడ ఆపుతాను. తర్వాత ఏం జరుగుతుందో రెండు వాక్యాలు రాయమంటాను. మాట్లాడమనను, రాయమంటాను. మాట్లాడమంటే ఎప్పుడూ మాట్లాడే ముగ్గురే మాట్లాడతారు. చాలామంది ఆమె గుండె ఆగిపోతుందని రాస్తారు. అలా జరగదు. ఏడుస్తుంది, గదిలోకి వెళ్ళి కిటికీ ముందు కుర్చీలో కూలబడుతుంది. బయట చెట్లు చిగురిస్తున్నాయి, వాన వాసన వస్తోంది, పిచ్చుకలు అరుస్తున్నాయి, దూరంగా ఎవరో పాడుతున్నారు. రెండోసారి ఇక్కడ ఆపుతాను. ఒకసారి, ఏడాదంతా నోరెత్తని అమ్మాయి లేచి, "మొగుడు పోయాడని ఏడుస్తుంటే బయట ఇంత బాగుండటమేంటి టీచర్? రాసినావిడకి తెలీదా?" అంది. "తెలీదంటావా?" అని ఊరుకున్నాను. ఆ తర్వాత పావుగంట నాకు క్లాసులో పనే లేకుండా పోయింది.

తర్వాత ఆమె తనకి స్వేచ్ఛ వచ్చిందని గొణుక్కుంటుంది. మూడోసారి అక్కడ ఆపుతాను. చివర్లో, పోయాడనుకున్న భర్త తలుపు తాళం తీసి లోపలికొస్తాడు, ఆమె పోతుంది. ఆనందం తట్టుకోలేక పోయిందంటారు డాక్టర్లు. ఇప్పుడు మొదటి వాక్యానికి వెళ్ళమంటాను. 'గుండె జబ్బు' అన్న మాట దగ్గర ఆగి, ఇందాక చదివినప్పుడు దానికి ఏం అర్థం చెప్పుకున్నారు, ఇప్పుడు ఏం చెప్పుకుంటారు అని అడుగుతాను. సంకేతం, వ్యంగ్యం లాంటి మాటలు ఆ తర్వాతే బోర్డు మీదకి వస్తాయి. పిల్లలు ఒక వస్తువుని పట్టుకున్నాక దాని పేరు చెబితే గుర్తుంటుంది. పేరు ముందు చెప్పి వస్తువుని వెతకమంటే ప్రతి పువ్వూ సంకేతమే అయిపోతుంది.

ప్రశ్న అడిగాక ఆగడం కష్టం. టీచర్లు సగటున ఒక్క సెకను ఆగి, ఎవరూ పలకకపోతే తామే మాట్లాడేస్తారని 1970లలో మేరీ బడ్ రో అనే పరిశోధకురాలు గమనించారు. మూడు సెకన్లు ఆగితే జవాబులు పొడుగవుతాయి, మాట్లాడేవాళ్ళూ పెరుగుతారు. నేను మనసులో అయిదు లెక్కపెడతాను. మొదట్లో ఆ నిశ్శబ్దం భలే టెన్షన్ పెట్టింది, నన్నే. పిల్లలకేం అనిపించలేదు.

జవాబు వచ్చాక నేనడిగేది ఒకటే: "ఏ లైను చూసి అంటున్నావు?" దీని విలువ చూడాలంటే రాబర్ట్ ఫ్రాస్ట్ కవిత 'ద రోడ్ నాట్ టేకెన్' ఇవ్వండి. ఎక్కువమంది నడవని దారి ఎంచుకోవడం గురించిన కవిత ఇదని క్లాసు మొత్తం చెబుతుంది. పెద్దవాళ్ళూ అదే అంటారు. రెండు దారుల గురించి కవి చెప్పిన లైన్లన్నీ గీత పెట్టి చూడమనండి. రెండూ దాదాపు ఒకేలా అరిగాయని, ఆ పొద్దున రెండింటి మీదా ఎవరూ తొక్కని ఆకులే ఉన్నాయని కవితలోనే ఉంది. మరి చివర్లో, ఎక్కువమంది నడవని దారే పట్టానని ఎన్నో ఏళ్ళ తర్వాత చెబుతానని ఎందుకంటున్నాడు? ఈ ప్రశ్నకి ఒక్క జవాబు లేదు. అలాగని నోటికొచ్చిన జవాబల్లా చెల్లదు. అమెరికన్ ప్రొఫెసర్ లూయీ రోజెన్‌బ్లాట్ 1938 నుంచీ చెప్పింది ఇదే: అర్థం చదివేవాళ్ళకీ రచనకీ మధ్య పుడుతుంది. కానీ రచనలోని మాటలు కాదంటున్న అర్థం నిలబడదు. ఆమె పేరు చెప్పి 'ఎవరి అర్థం వాళ్ళది' అని వదిలేసేవాళ్ళని చూస్తే నాకు చిరాకు.

కవితలకి మొదటిసారి కవి పేరు తీసేసి ఇస్తాను. కేంబ్రిడ్జిలో సాహిత్యం చెప్పిన ఐ.ఎ. రిచర్డ్స్ తన విద్యార్థులకి పేర్లు, తేదీలు లేకుండా కవితలిచ్చి, వాళ్ళు రాసిన వ్యాఖ్యలతో 1929లో పుస్తకం వేశారు. అంత చదువుకున్నవాళ్ళూ ఘోరంగా పొరబడ్డారు. మన పిల్లలు తడబడితే విసుక్కోకుండా ఉండటానికి ఇది గుర్తు పెట్టుకోవచ్చు.

పెద్ద క్లాసులో అందరి మాటా వినలేం కాబట్టి నలుగురేసి కూర్చోబెడతాను. ఒకరు ఇప్పటిదాకా జరిగింది రెండు ముక్కల్లో చెప్పాలి, ఒకరు ప్రశ్న అడగాలి, ఒకరు అర్థంకాని చోటు విడదీయాలి, ఒకరు ముందేం జరుగుతుందో ఊహించాలి. పేజీ మారినప్పుడల్లా పని మారుతుంది. పాలిన్‌సార్, బ్రౌన్ అనే పరిశోధకులు 1984లో వివరించిన పద్ధతే ఇది. పిల్లలు ఇంట్లో మాట్లాడే భాషలో వాదించుకున్నా అడ్డు చెప్పను. ఆలోచన ముందు రానిస్తాను. తేల్చుకున్నది ఇంగ్లీషులో ఒక వాక్యంగా రాసివ్వాలి. ఆ ఒక్క వాక్యం కోసం వాళ్ళు పడే తంటాలే ఆ రోజుకి గ్రామరు పాఠం.

పరీక్ష మారకపోతే ఇదంతా వృథా అవుతుందని మొదటి ఏడాదే తెలిసింది. నోట్సులోంచి వచ్చే ప్రశ్నలిస్తే పిల్లలు నోట్సే అడుగుతారు, వాళ్ళ తప్పేం లేదు. ఇప్పుడు సగం మార్కులు ఎప్పుడూ చూడని ఒక పేజీకి పెడతాను. జవాబులో మూలంలోని లైను చూపించకపోతే అర మార్కు తీసేస్తాను. అర మార్కుకి ఎంత బలం ఉందో టీచర్లకి చెప్పక్కర్లేదు.

ఇంకొకటి. వారానికి రెండుసార్లు పదిహేను నిమిషాలు ఎవరికి నచ్చిన పుస్తకం వాళ్ళు చదువుకుంటారు. ప్రశ్నలుండవు, రిపోర్టు ఉండదు, నచ్చకపోతే పుస్తకం మార్చుకోవచ్చు. మొదటి వారం ఆ పదిహేను నిమిషాల్లో నేను పేపర్లు దిద్దుకుంటూ కూర్చున్నాను. ముందు బెంచీ పిల్లాడు కాసేపు చూసి, "టీచర్, మీ పుస్తకం ఏది?" అన్నాడు. మర్నాడు ఓ డిటెక్టివ్ నవల తెచ్చుకున్నాను. ఓ రోజు గంట కొట్టేసరికి హంతకుడెవరో తెలియడానికి ఇంకా నాలుగు పేజీలున్నాయి. కూర్చునే ఉన్నాను, వాళ్ళూ లేవలేదు.