ఎడిటర్ ఎంచుకోవడం – 4వ పాఠం: కంట్రోల్ ఎస్ కొట్టిన పని

పోయిన పాఠంలో విమ్ (టెర్మినల్లో, అంటే కమాండ్లు టైప్ చేసే విండోలో, నడిచే టెక్స్ట్ ఎడిటర్) తెరిచి నాలుగు లైన్లు రాయమన్నాను. రాశారు. బయటికి రావడం మాత్రం చెప్పలేదు, తెలిసే ఉంటుందనుకున్నాను. ఎస్కేప్ నొక్కి కోలన్, డబ్ల్యూ, క్యూ, ఎంటర్. సేవ్ అక్కర్లేదంటే డబ్ల్యూ మానేసి, క్యూ తర్వాత ఆశ్చర్యార్థకం.

ఇవాళ విమ్, నానో, విఎస్ కోడ్ అనే మూడు ఎడిటర్లని పక్కపక్కన పెట్టి చూద్దామనుకున్నా. కానీ "సేవ్ చేద్దామని కంట్రోల్ ఎస్ కొడితే మొత్తం హ్యాంగ్ అయింది, విమ్ మాకొద్దు" అన్నవాళ్లే ఎక్కువ. అందులో విమ్ తప్పేం లేదండీ. పాత టెర్మినళ్లలో అక్షరాలు చదవలేనంత వేగంగా పరిగెడుతుంటే కంట్రోల్ ఎస్‌తో ఆపేవాళ్లు, కంట్రోల్ క్యూతో వదిలేవాళ్లు. ఆ ఏర్పాటు లైనక్స్ టెర్మినళ్లలో ఇప్పటికీ ఉంది. తెర ఆగిపోతుందంతే. కంట్రోల్ క్యూ కొట్టండి, కదులుతుంది. ఈలోపు కంగారులో నొక్కినవన్నీ కూడా ఒక్కసారిగా వచ్చి పడతాయి. ఎస్కేప్ నొక్కి, పాడైంది సరయ్యేదాకా యు కొడుతూ వెనక్కి రండి. విమ్ కొత్త వెర్షన్లలోనూ, విమ్ నుంచి పుట్టిన నియోవిమ్‌లోనూ ఈ బాధ లేదు.

విసుగొచ్చి విండో మూసేసినవాళ్లకి ఇంకో తంటా. ఫైల్ మళ్లీ తెరవగానే ఇ325 అని పెద్ద హెచ్చరిక. భయపడి డిలీట్ నొక్కకండి! విమ్ రెండొందల అక్షరాలకోసారి, లేదా మీరు నాలుగు సెకన్లు చేయి ఆపినప్పుడల్లా, రాసింది స్వాప్ ఫైల్లో దాస్తుంది. ఆర్ నొక్కితే అది తిరిగొస్తుంది. సరిచూసి, సేవ్ చేసి, అప్పుడు స్వాప్ ఫైల్ తీసేయండి.

విమ్‌లో ఎస్కేప్ మాటిమాటికీ నొక్కాలి కదా, నేనైతే క్యాప్స్ లాక్‌ని ఎస్కేప్‌గా మార్చుకున్నాను. 1976లో బిల్ జాయ్ విమ్‌కి మూలమైన వీఐ ఎడిటర్ రాసిన టెర్మినల్లో ఎస్కేప్ ఇప్పటి ట్యాబ్ ఉన్నచోట ఉండేది, చిటికెనవేలికి అందేది. ఇప్పుడేమో మూలన కూర్చుంది.

ఇక ఎంపిక. సొంత ల్యాప్‌టాప్‌లో పెద్ద ప్రాజెక్టు అయితే విఎస్ కోడ్ చాలు, వాదన అనవసరం. సర్వర్లో చేయి పెట్టాల్సినవాళ్లకి వీఐ రాకపోతే కుదరదు. ఈమాక్స్ అనే ఇంకో ఎడిటర్ నాకు అలవాటు కాలేదు, అందుకే తీర్పు చెప్పను.

అభ్యాసం: విమ్, నానో, విఎస్ కోడ్ మూడింట్లోనూ కొత్త ఫైల్‌కి పేరు పెట్టి, ముప్ఫై లైన్లు రాసి, సేవ్ చేయకుండా విండో మూసేయండి. నానోలో అయితే డాట్ సేవ్ అని చివర ఉన్న ఫైల్ కోసం వెతకండి. ఎక్కడ ఎన్ని లైన్లు మిగిలాయో కాగితం మీద రాసుకోండి. ఆఫీసు కోడ్ మీద మాత్రం చేయకండి.