పాత కారును మీరే బాగుచేసుకుని, మంచి సౌండ్ సిస్టమ్ పెట్టుకోవడం ఎలా?

పాత కారు చేతికి రాగానే చాలామంది ముందు స్టీరియో కొనేస్తారు. ఆ ఉత్సాహం నాకు తెలుసు. కానీ తుప్పు చూడాలన్నా, వైరింగ్ మార్చాలన్నా సీట్లు, కార్పెట్, డోర్ ప్యాడ్‌లు విప్పాల్సిందే. స్పీకర్ వైర్లు వెళ్లేదీ వాటి కిందే. ముందు సౌండ్ పెట్టేసి తర్వాత రిపేర్లకు దిగితే చేసిన పనే మళ్లీ చేయాలి. పైగా గడగడలాడే డోర్‌లో ఎంత మంచి స్పీకర్ పెట్టినా డబ్బా మోతే వస్తుంది. అందుకే రెండింటినీ ఒకే పనిగా పెట్టుకోండి. కారు ముందు, పాట తర్వాత.

విప్పే ముందు

ప్రతి భాగాన్నీ విప్పకముందే ఫోన్‌లో ఫొటో తీయండి. ఏ వైరు దేని కింద నుంచి వెళ్లిందో మూడు నెలల తర్వాత ఎవరికీ గుర్తుండదు. ఒక్కో భాగం స్క్రూలు ఒక్కో కవర్లో వేసి, పైన పేరు రాయండి.

బ్యాటరీ నుంచి బాడీకి వెళ్లే వైరును ముందు తీసేయండి. మామూలుగా అది నెగటివ్. 1960ల దాకా వచ్చిన కొన్ని బ్రిటిష్ కార్లలో మాత్రం పాజిటివ్ బాడీకి కలిపి ఉంటుంది. మరికొన్ని పాత కార్లలో బ్యాటరీ 6 వోల్టులదే. ఇప్పటి స్టీరియోలు 12 వోల్టుల నెగటివ్ ఎర్త్ (అంటే నెగటివ్ బాడీకి కలిపి ఉండటం) కోసం చేసినవి కాబట్టి ఈ సంగతి మొదటిరోజే తేల్చుకోండి.

కారు కిందికి దూరాల్సి వస్తే జాకీని ఒక్కదాన్నే నమ్మొద్దు. గట్టి నేల మీద స్టాండ్లు వేసి, కారును చేత్తో గట్టిగా ఊపి చూశాకే వెళ్లండి.

ముందు బ్రేకులు, తర్వాతే ఇంజిన్

కదిలే కారు కంటే ఆగే కారు ముఖ్యం. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. కొత్త డాట్ 4 రకం బ్రేక్ ఆయిల్ మరిగే వేడి కనీసం 230 డిగ్రీలు ఉండాలి. తేమ చేరాక అది 155 దాకా పడిపోవచ్చు. ఆయిల్ మరిగితే పెడల్ మెత్తగా కిందికి దిగిపోతుంది. ఏళ్లుగా నిలబడిన కారులో పాత ఆయిల్ మొత్తం తీసేసి, మూత మీద రాసిన రకమే పోయండి. పెయింట్ మీద చుక్క పడితే వెంటనే నీళ్లతో కడగాలి, లేదంటే రంగు లేచిపోతుంది. రబ్బరు హోస్‌లను వంచి చూడండి. పగుళ్లు కనిపిస్తే మార్చేయడమే. పాత బ్రేక్ షూల పొడిలో ఆస్బెస్టాస్ ఉండొచ్చు, దాన్ని గాలితో ఊదకండి, తడిగుడ్డతో తుడవండి. బ్రేకుల పని మీకు కొత్తయితే, రోడ్డెక్కే ముందు మెకానిక్‌కు ఒకసారి చూపించండి.

టైరు పక్కన డాట్ (DOT) అని మొదలయ్యే కోడ్ చివర నాలుగు అంకెలు ఉంటాయి. 2314 అంటే 2014లో 23వ వారంలో తయారైందని. టైరు గాడులు ఎంత లోతుగా ఉన్నా, అంత పాత టైరుతో వేగంగా వెళ్లొద్దు.

ఇంజిన్ దగ్గర తొందర పనికిరాదు. చాలాకాలం ఆగి ఉన్న పెట్రోల్ ఇంజిన్‌ను నేరుగా స్టార్ట్ చేయకండి. స్పార్క్ ప్లగ్‌లు తీసి, ఒక్కో సిలిండర్‌లో చెంచాడు ఇంజిన్ ఆయిల్ పోసి ఒక రాత్రి వదిలేయండి. మర్నాడు గేరు న్యూట్రల్‌లో ఉంచి, క్రాంక్ పుల్లీ (బెల్టులను తిప్పే ఇంజిన్ చక్రం) బోల్ట్‌కు పానా వేసి, ఇంజిన్ తిరిగే దిశలోనే చేత్తో రెండు చుట్లు తిప్పండి. సాఫీగా తిరిగితే సగం టెన్షన్ పోయినట్టే. ఎక్కడైనా పట్టేస్తే బలం ఉపయోగించొద్దు, మెకానిక్‌ను పిలవండి. ట్యాంకులోని పాత పెట్రోల్ తీసేయాలి, అది జిగురులా మారి కార్బరేటర్ రంధ్రాలు మూసేస్తుంది. ఇంజిన్ ఆయిల్, ఫిల్టర్లు, కూలెంట్, బెల్టులు, పెట్రోల్ హోస్‌లు ఎలాగూ కొత్తవి వేయాల్సినవే.

తుప్పు

కార్పెట్ ఎత్తి, స్క్రూడ్రైవర్ పిడితో ఫ్లోర్ అంతా తట్టుకుంటూ పోండి. మంచి రేకు టంగున మోగుతుంది. తిన్న రేకు మీద చప్పుడు మందంగా వస్తుంది, గట్టిగా పొడిస్తే మొన దిగిపోతుంది. డోర్ల కింది గడపలు, వీల్ ఆర్చ్‌లు, జాకీ పెట్టే చోట్లు బాగా చూడండి. పైపైన తుప్పయితే మెరిసే లోహం కనిపించేదాకా గీకి, ప్రైమర్, పెయింట్ వేయొచ్చు. చిల్లు పడితే మాత్రం పుట్టీతో మూయకండి, వెల్డింగే మార్గం.

నీళ్లు ఎక్కడి నుంచి వచ్చాయో కూడా వెతకాలి. డోర్ అడుగున నీళ్లు కారిపోవడానికి సన్నని రంధ్రాలుంటాయి. వాటిలో మట్టి పేరుకుంటే డోర్ లోపల నీళ్లు నిలిచి రేకు కుళ్లుతుంది. పుల్లతో పొడిచి ఒక చెంబు నీళ్లు పోసి చూడండి, ధారగా పోవాలి. రేపు స్పీకర్ కూర్చునేది ఆ డోర్‌లోనే.

వైరింగ్

పాత వైరును వేళ్ల మధ్య వంచండి. పైతొడుగు పెళుసుగా విరిగితే ఆ వైరు మార్చాలి. ఎర్త్ పాయింట్లన్నీ విప్పి, గరుకు కాగితంతో రుద్ది బిగించండి. మసక లైట్లు, వణికే మీటర్లు చాలాసార్లు దీంతోనే బాగుపడతాయి.

సౌండ్ కొనే ముందు ఒక లెక్క వేయండి. స్పీకర్‌కు 50 వాట్ల చొప్పున నాలుగు ఛానెళ్ల ఆంప్ (స్పీకర్లకు బలమిచ్చే ఆంప్లిఫయర్) అంటే 200 వాట్లు. తక్కువ కరెంటు వృథా చేసే క్లాస్ డి రకమైతే పూర్తి వాల్యూమ్‌లో సుమారు 18 ఆంపియర్లు లాగుతుంది. ఇంజిన్ తిరుగుతుంటే కరెంటు పుట్టించే ఆల్టర్నేటర్లలో, పాతవాటిలో చాలావాటి సామర్థ్యం 35, 45 ఆంపియర్లే. అందులోంచే హెడ్‌లైట్లు, వైపర్లు, బ్లోయర్ నడవాలి. అందుకే పాత కారుకు చిన్న క్లాస్ డి ఆంపే నా సలహా.

ఇప్పుడు సౌండ్

డబ్బు ముందు డోర్ మీద పెట్టండి, స్టీరియో మీద కాదు. డోర్ రేకును లోపలి నుంచి శుభ్రంగా తుడిచి, అల్యూమినియం పొర ఉన్న బ్యూటైల్ (జిగురు రబ్బరు) షీట్ ముక్కలు అతికించి రోలర్‌తో ఒత్తండి. రేకంతా కప్పక్కర్లేదు, మధ్యలో వణికే చోట పావు వంతు కప్పినా మోత ఇట్టే తగ్గిపోతుంది. కింది రంధ్రాలు మాత్రం మూయొద్దు. లోపలి ప్యానెల్‌లో పెద్ద ఖాళీలు మూసేయండి. స్పీకర్ వెనక శబ్దం ముందుకొచ్చి కలిస్తే బేస్ చచ్చిపోతుంది.

స్పీకర్ కొనేముందు కిటికీ అద్దం పూర్తిగా దించి, లోపల ఎంత లోతు ఉందో కొలవండి. బిగించాక ప్లస్, మైనస్ సరిచూడాలి. స్పీకర్‌కు వెళ్లే వైర్లను స్టీరియో వైపు విడిగా పట్టుకుని, 1.5 వోల్టుల సెల్‌ను ఒక్క క్షణం తాకించండి. ప్లస్‌కు ప్లస్ తగిలితే కోన్ బయటికి ఉబుకుతుంది. ఒక్క స్పీకర్ తిరగబడినా బేస్ ఏమైపోయిందా అని రోజంతా వెతుక్కుంటారు.

బయట కొనే స్టీరియోలలో సాధారణంగా పసుపు వైరు బ్యాటరీకి, ఎరుపు తాళం తిప్పితే కరెంటు వచ్చే చోటికి, నలుపు ఎర్త్‌కు. తెలుపు ముందు ఎడమ, బూడిదరంగు ముందు కుడి, ఆకుపచ్చ వెనక ఎడమ, ఊదా వెనక కుడి స్పీకర్లకు. నల్లగీత ఉన్నది మైనస్. కారులోని పాత వైర్ల రంగులు వేరే ఉంటాయి, మల్టీమీటర్‌తోనే తేల్చుకోండి. కొన్ని పాత కార్లలో స్పీకర్ మైనస్ బాడీకి కలిపి ఉంటుంది. అలాగే వదిలి కొత్త స్టీరియో కలిపితే దాని ఆంప్ పాడవుతుంది. ప్రతి స్పీకర్‌కూ రెండు కొత్త వైర్లు లాగండి.

ఆంప్ పవర్ వైరు నికార్సయిన రాగిదే కొనండి. బ్యాటరీ నుంచి 45 సెంటీమీటర్ల లోపే ఫ్యూజ్ పెట్టాలి. అది కాపాడేది ఆంప్‌ను కాదు, వైరును. ఇంజిన్ గోడ దాటే చోట రబ్బరు గ్రామెట్ (రంధ్రం అంచుకు తొడిగే రింగు) తప్పనిసరి, రేకు అంచు తొడుగును కోస్తే నిప్పు పుడుతుంది. పవర్ వైరు ఒక పక్క, స్టీరియో నుంచి ఆంప్‌కు వెళ్లే సిగ్నల్ వైర్లు మరో పక్క నడపండి.

నా కారులో ఇవన్నీ చేశాక కూడా యాక్సిలరేటర్ తొక్కితే కూ అని సన్నగా ఈల వచ్చేది. రెండు రోజులు సిగ్నల్ వైర్లు మార్చి మార్చి చూశాను. తీరా చూస్తే ఆంప్ ఎర్త్ బోల్ట్ కింద పెయింట్ పొర ఉంది. గీకి, లోహం మీద బిగించగానే ఈల ఆగిపోయింది.

చివరగా గెయిన్. స్టీరియో సిగ్నల్‌కు ఆంప్‌ను సరిపెట్టే నాబ్ అది, వాల్యూమ్ బటన్ కాదు. ఆంప్ గెయిన్ పూర్తిగా తగ్గించి, స్టీరియోను ముప్పావు వాల్యూమ్‌లో పెట్టి, బాగా తెలిసిన పాట వేయండి. గొంతు బొంగురుపోయేదాకా గెయిన్ నెమ్మదిగా పెంచి, అక్కడి నుంచి కాస్త వెనక్కి తిప్పండి. డోర్ స్పీకర్లకు హై పాస్ ఫిల్టర్ (మరీ లోతైన బేస్‌ను తగ్గించేది) 80 హెర్ట్జ్ దగ్గర పెట్టండి. అరగంట పాటలు వింటూ తిరిగొచ్చి ఫ్యూజ్ హోల్డర్, ఎర్త్ బోల్ట్ చేత్తో తాకి చూడండి. చుర్రుమంటే అక్కడ జాయింట్ వదులుగా ఉన్నట్టే, డోర్ ప్యాడ్‌లు బిగించేముందే సరిచేయండి.