యాప్ చేయించుకుందాం – 3వ భాగం: ఖర్చు లెక్క ఎక్కడ మొదలుపెట్టాలి

పోయిన భాగంలో ఇచ్చిన పని చేసుంటే ఈపాటికి మీ నోటు పుస్తకంలో తొమ్మిదో పదో పేజీలు నిండి ఉండాలి, పేజీకి ఒక స్క్రీన్ చొప్పున, పెన్సిల్‌తో గీసినవి. చేయకపోతే ఇక్కడే ఆగి ముందు అది చేసుకు రండి, ఎందుకంటే ఈ పాఠం మొత్తం ఆ పేజీల మీదే నడుస్తుంది. బొమ్మ బాగుండాల్సిన పని లేదు. ఏ స్క్రీన్‌లో ఏం కనిపిస్తుంది, ఏది నొక్కితే ఎక్కడికి పోతుంది, అంతవరకు తెలిస్తే చాలు.

ఉదాహరణ పాతదే. అనంతపురంలో చీనీ (బత్తాయి) మండీ నడిపే మా మామ కోసం ఒక యాప్. రైతు తన ఫోన్‌లో ఈ రోజు రేటు చూసుకోవాలి, రేపు సరుకు తెస్తున్నానని ముందే చెప్పాలి, తూకం అయ్యాక చీటీ ఫోన్‌కే రావాలి, ఎంత ముట్టింది ఎంత రావాలి అన్నది మండీ దాకా రాకుండా తెలియాలి. ఇదంతా విని మామ, "ఏముంది అల్లుడూ, నాలుగు అంకెలు కనపడాలి, అంతే కదా, యాభై వేలల్లో అయిపోదా" అన్నాడు. ఆయన్ని తప్పు పట్టడానికి లేదు, బయట నుంచి చూస్తే ఎవరికైనా అలాగే కనిపిస్తుంది.

బోరు వేయించిన వాళ్లకి మాత్రం ఈ సంగతి ఇట్టే అర్థమవుతుంది. బండి వాడు అడుగుకి ఇంత అని చెబుతాడు, మనం ఆ రేటుని అడుగులతో గుణించి డబ్బు సర్దుకుంటాం. తీరా చూస్తే లోతు పెరిగేకొద్దీ అడుగు రేటూ పెరుగుతుంది, కేసింగ్ పైపు లెక్క వేరే, నీళ్లు పడ్డాక మోటారు, పైపులు, కేబులు, స్టార్టరు, కరెంటు కనెక్షను, ఇవన్నీ ఒక్కొక్కటే వచ్చి మీద పడతాయి. యాప్ కొటేషన్ కూడా అడుగు రేటు లాంటిదే. అందులో రాసింది తవ్వకం ఖర్చు, నీళ్లు పొలానికి పారే దాకా అయ్యే ఖర్చు కాదు. కాబట్టి "యాప్‌కి ఎంత అవుతుంది" అని ఎవరినీ అడగకండి, ముందు మీరే కాగితం మీద వేసుకోండి. తప్పుగా వేసినా సరే, మీ లెక్క చేతిలో ఉంటేనే అవతలి వాళ్ల లెక్క అర్థమవుతుంది.

లెక్క రూపాయలతో మొదలుపెట్టకూడదు, గంటలతో మొదలుపెట్టాలి. ఒక్కో పేజీ తీసుకుని ఇది తయారు కావడానికి ఎన్ని గంటలు పడుతుందో పక్కన పెన్సిల్‌తో రాయండి. మీకు తెలియకపోతే తెలిసిన కుర్రాణ్ని పక్కన కూర్చోబెట్టుకోండి, ఇంజనీరింగ్ చదివి బెంగళూరులోనో హైదరాబాదులోనో ఈ పని చేస్తున్న వాళ్లు మన ఊళ్లలో ఏదో ఒక ఇంట్లో ఉంటూనే ఉంటారు, పండక్కి వచ్చినప్పుడు ఒక గంట అడిగితే కాదనరు.

మామ యాప్‌కి నేను వేసింది ఇదీ. ఫోన్ నంబరు, ఓటీపీతో లోపలికి వచ్చే స్క్రీన్ 16 గంటలు. నేటి రేటు చూపించడం 12, ఆ రేటుని గుమాస్తా మార్చుకునే చోటు ఇంకో 10. సరుకు తెస్తున్నట్టు రైతు నమోదు చేసుకునేది 20. డబ్బుల ఖాతా 30, నోటిఫికేషన్లు 12, తెలుగు అక్షరాలు చిన్న ఫోన్లలో విరగకుండా సరిచేయడానికి 10. గుమాస్తా కంప్యూటర్‌లో వాడే పేజీలు 50, వెనక ఉండే సర్వరు, డేటాబేసు పని 40, అన్నీ పరీక్షించడం 46, ప్లే స్టోర్‌కి ఎక్కించడం 10. ఇక మిగిలింది తూకం చీటీ. దానికి 44 గంటలు వేశాను.

చీటీ అంటే ఒక్క స్క్రీనే, మరి 44 గంటలు ఎందుకు? ఇది నిదానంగా చూద్దాం, ఈ పాఠంలో అసలు విషయం ఇక్కడే ఉంది.

ఒక రైతు 3,240 కిలోల చీనీ తెచ్చాడనుకోండి. రేటు టన్నుకి 20,000. మండీలో సూట్ తీస్తారు, అంటే తూకంలోంచి కొన్ని కిలోలు తగ్గిస్తారు, లెక్క కోసం టన్నుకి 100 కిలోలు అనుకుందాం. ఇప్పుడు ఎంత తీయాలి? పైన ఉన్న 240 కిలోలకి కూడా అదే వంతున పట్టుకుంటే 324 కిలోలు పోయి 2,916 కిలోలకి డబ్బు, అంటే 58,320 రూపాయలు. నిండు టన్నులకే సూట్ అనుకుంటే 300 కిలోలు పోయి 2,940 కిలోలకి, అంటే 58,800. తేడా 480 రూపాయలు. ఈ రెండిట్లో ఏది సరైనదో ప్రోగ్రాం రాసే అబ్బాయికి ఎలా తెలుస్తుంది? తెలియదు. అడగాలని కూడా తట్టదు, తనకి తోచింది ఒకటి రాసేస్తాడు, మొదటి రోజే ఒక రైతు పాత చీటీ తెచ్చి పక్కన పెట్టి "ఈ 480 ఏమైంది సామీ" అంటాడు. డబ్బు తప్పుగా చూపించిన యాప్‌ని ఆ రైతు ఇంక నమ్మడు, పక్క రైతుకి కూడా చెబుతాడు.

అక్కడితో అయిపోదు. పొద్దున ఒక రేటు, మధ్యాహ్నం ఒక రేటు ఉన్న రోజున ఏ రేటు పడాలి? ఒకే బండిలో రెండు రకాల కాయ వస్తే చీటీ ఒకటా, రెండా? తోట మీద ముందే తీసుకున్న అడ్వాన్సు 15,000 ఉంటే అంతా ఈ చీటీలోనే కోయాలా, కొంత వచ్చే కోతకి ఆపుకోవచ్చా? హమాలీ ఎవరి లెక్కలోకి పోతుంది? గుమాస్తా తప్పు తూకం ఎక్కించి చీటీ పంపేశాక దిద్దాలంటే పాత చీటీ చెరిగిపోవాలా, కొత్తది పక్కన చేరాలా? ఇలాంటి ఒక్కో ప్రశ్నకి రెండు మూడు గంటలు వేసుకోండి. మామని పక్కన కూర్చోబెట్టుకుని అడిగితే పదకొండు ప్రశ్నలు తేలాయి, వాటిలో నాలుగింటికి ఆయనే "మనిషిని బట్టి చూసుకుంటాం" అన్నాడు. ఆ మాట వినగానే నేను గంటలు పెంచాను, ఎందుకంటే మనిషిని బట్టి చూసుకోవడం ప్రోగ్రాంకి రాదు, గుమాస్తా చేత్తో మార్చుకునే వీలు అక్కడ పెట్టాలి, ఎవరు ఎప్పుడు మార్చారో రాసి ఉంచాలి.

మీ వ్యాపారం చీనీ కాకపోవచ్చు, ధర్మవరం చీరలు కావచ్చు, ఆదోని పత్తి కావచ్చు, కడపలో ట్యూషన్ సెంటర్ కావచ్చు. ప్రతి దాంట్లో ఇలాంటి పేజీ ఒకటి ఉంటుంది. దాన్ని వెతికి పట్టుకోండి.

మొత్తం కూడితే 300 గంటలు. ఇప్పుడు రూపాయలు. గంటకి 500 పెట్టుకుని చూపిస్తాను, ఇది కేవలం లెక్క కోసం, మీకు వచ్చే కొటేషన్ బట్టి మార్చుకోండి, ఊళ్లో ఒంటరిగా చేసే కుర్రాడి రేటుకీ బెంగళూరు కంపెనీ రేటుకీ చాలా దూరం ఉంటుంది. 300 గంటలకి 1,50,000. చేసేవాళ్లకి జీఎస్టీ నంబరు ఉంటే 18 శాతం, అంటే 27,000 కలుస్తుంది. సేవలు చేసే వాళ్ల ఏడాది రాబడి 20 లక్షల లోపు ఉంటే మామూలుగా జీఎస్టీ తీసుకోవాల్సిన పని లేదు, కాబట్టి చిన్నవాళ్ల దగ్గర ఈ భారం ఉండకపోవచ్చు, ముందే అడగండి. తాజా పండ్ల మీద జీఎస్టీ లేదు కాబట్టి మామకి ఆ 27,000 ఇన్‌పుట్ క్రెడిట్‌గా (కొన్నప్పుడు కట్టిన జీఎస్టీని తాను కట్టాల్సిన జీఎస్టీలో తగ్గించుకోవడం) తిరిగి రావడం కూడా ఉండదు, అది పూర్తిగా ఖర్చే.

తర్వాత విడిగా పెట్టుకునే డబ్బు. యాప్ కట్టించే ఖర్చులో నాలుగో వంతు, అంటే 37,500 పక్కన పెట్టండి, ఈ అంకె ఉన్నట్టు చేసేవాళ్లకి చెప్పకండి. ఎంత బాగా రాసుకున్నా యాప్ చేతికొచ్చాక "అరె, ఇది ఇలా కాదే" అనిపించేవి వస్తాయి. అప్పుడు డబ్బు లేక సగంలో ఆగిపోతే పెట్టిన లక్షన్నర కూడా పోయినట్టే.

ఇక స్టోర్ ఖర్చు. గూగుల్ ప్లే డెవలపర్ ఖాతాకి 25 డాలర్లు, ఒక్కసారి కడితే చాలు, 2,500 అనుకుందాం. ఆపిల్‌కైతే ఏటా 99 డాలర్లు. మండీకి వచ్చే రైతుల చేతుల్లో ఏ ఫోన్లు ఉన్నాయో ఒక రోజు కూర్చుని చూశాను, దాదాపు అన్నీ ఆండ్రాయిడే, అందుకే ఐఫోన్ సంగతి ఈ బడ్జెట్‌లో కొట్టేశాను. ఫ్లటర్ లాంటి యాప్ తయారీ సాధనంలో రాయిస్తే ఒకే కోడ్‌తో తర్వాత ఐఫోన్‌కి కూడా వెళ్లొచ్చు, ఇప్పుడే కట్టాల్సిన అవసరం లేదు. ఒక మాట గుర్తుంచుకోండి: 2023 నవంబరు 13 తర్వాత తెరిచిన వ్యక్తిగత ప్లే ఖాతాలకి, యాప్ అందరికీ విడుదల చేసే ముందు కనీసం 12 మంది 14 రోజులు వరసగా పరీక్షలో ఉండాలన్న నియమం ఉంది. దీనికి డబ్బు కాదు, రోజులు కావాలి. చీనీ కోత మొదలయ్యే వారంలో యాప్ వదలాలనుకుంటే ఆ రెండు వారాలు ముందే తీసేసుకోండి.

ఆ ఖాతా మీ పేరు మీద, మీ మెయిల్‌తో తెరవండి. ఇది ఎంత గట్టిగా చెప్పాలో నాకు తెలియడం లేదు. నా మొదటి యాప్ చేసినవాళ్లు "మా ఖాతాలో పెట్టేస్తాం, మీకెందుకు శ్రమ" అంటే సరేనన్నాను. ఏడాది తర్వాత చిన్న మార్పు కావాల్సి వచ్చింది, వాళ్లు ఫోన్ ఎత్తడం మానేశారు. ప్లేలో యాప్‌ని ఒక ఖాతా నుంచి ఇంకో ఖాతాకి మార్చుకోవచ్చు, కానీ పాత ఖాతా ఉన్నవాళ్లు కదలాలి కదా. చివరికి మళ్లీ కొత్తగా కట్టించి, పాతది తీసేసి ఇది వేసుకోండని ఒక్కొక్కరికీ ఫోన్ చేశాను, 140 మంది వాడేవాళ్లలో తిరిగి వచ్చింది నలభై మందే. సర్వరు, డొమైను, కోడ్ దాచే చోటు, అన్నిటికీ ఇదే మాట.

నడిపే ఖర్చు ఏడాదికి వేసుకోండి. సర్వరుకి నెలకి 1,000 చొప్పున 12,000. ఓటీపీ ఎస్ఎంఎస్‌లు 200 మంది రైతులకి నెలకి మూడు చొప్పున ఏడాదికి 7,200, ఒక్కోటి 20 పైసలనుకుంటే 1,440, అందుకే 1,500 అని రాశాను. ఎస్ఎంఎస్ పంపాలంటే ముందు డీఎల్‌టీలో, అంటే టెలికాం కంపెనీలు నడిపే నమోదు వ్యవస్థలో, సంస్థ పేరు, మెసేజ్ నమూనా నమోదు చేయించాలి, దానికి కూడా కొన్ని రోజులు పడుతుంది. గూగుల్ వాళ్ల ఫైర్‌బేస్‌తో పంపే నోటిఫికేషన్లకి మాత్రం డబ్బు లేదు, కాబట్టి "రేటు మారింది" లాంటి కబుర్లన్నీ అటు మళ్లించండి, ఎస్ఎంఎస్ ఓటీపీకి మాత్రమే వాడండి.

పేమెంట్ గేట్‌వే, అంటే యాప్ లోపలే డబ్బు కదిలే ఏర్పాటు, పెట్టమని చాలామంది సలహా ఇస్తారు. మామ యాప్‌లో నేను పెట్టలేదు. గేట్‌వే వాళ్లు మామూలుగా రెండు శాతం దాకా తీసుకుంటారు, దాని మీద జీఎస్టీ. మండీ రైతుకి ఎలాగూ బ్యాంకులోనో యూపీఐలోనో వేస్తుంది, యాప్‌లో "ఇంత వేశాం, ఫలానా తేదీ" అని రాస్తే సరిపోతుంది. యాప్ లోపల డబ్బు కదలకపోతే గంటలు తగ్గుతాయి, టెన్షన్ కూడా తగ్గుతుంది.

మరమ్మతులకి ఏడాదికి 30,000, అంటే యాప్ కట్టించిన ఖర్చులో ఐదో వంతు. ఏ తప్పూ లేకపోయినా ఈ డబ్బు అవసరమే. కొత్త ఆండ్రాయిడ్ వచ్చేకొద్దీ యాప్‌ని దానికి తగ్గట్టు మార్చాలని గూగుల్ ప్రతి ఏడూ గడువు పెడుతుంది, పట్టించుకోకపోతే అప్‌డేట్లు పెట్టనివ్వదు, ఇంకా ఆలస్యం చేస్తే కొత్త ఫోన్లు కొన్నవాళ్లకి స్టోర్‌లో యాప్ కనిపించకుండా పోతుంది.

కూడండి. 1,50,000, జీఎస్టీ 27,000, పక్కన పెట్టింది 37,500, స్టోర్ 2,500, సర్వరు 12,000, ఎస్ఎంఎస్ 1,500, మరమ్మతులు 30,000. మొత్తం 2,60,500, మొదటి ఏడాదికి. ఇది చూపిస్తే మామ కాసేపు మాట్లాడలేదు. తర్వాత నోటు పుస్తకం తన వైపు లాక్కుని, "రైతు ముందే చెప్పే పేజీ ఇప్పుడొద్దు, వాళ్లు నాకు ఫోన్ చేస్తారులే" అని 20 గంటలు కొట్టేశాడు, డబ్బుల ఖాతా కూడా వచ్చే ఏడాదికి తోశాడు, అదో 30 గంటలు. తూకం చీటీ మాత్రం ముట్టుకోలేదు. 50 గంటలు తగ్గితే 25,000, దాని మీద జీఎస్టీ 4,500, పక్కన పెట్టే దాంట్లో 6,250, మరమ్మతుల్లో 5,000, అన్నీ కలిపి 40,750 తగ్గి 2,19,750కి వచ్చింది. గంటల్లో రాసి ఉండబట్టే ఆయనకి ఏది తీయాలో కనిపించింది. ఒకే మొత్తంగా చెప్పుంటే బేరమాడేవాడు, చేసేవాళ్లు తగ్గిస్తామని చెప్పి పరీక్షించే గంటలు మింగేసేవాళ్లు.

ఈ వారం పని: మీ పేజీల్లో తూకం చీటీ లాంటిది ఏదో తేల్చుకోండి. మీ వ్యాపారంలోని పాత చీటీలు గానీ, బిల్లులు గానీ ఐదు తీయండి, ఒకటి మామూలుది, మిగతావి గొడవ జరిగినవి అయితే ఇంకా మంచిది. మీరు రాసుకున్న నియమాలతో ఆ ఐదింటినీ చేత్తో మళ్లీ లెక్కకట్టండి. పాత చీటీలో ఉన్న అంకె రాని చోటల్లా ఎర్ర పెన్నుతో గుర్తు పెట్టండి. ముగ్గురి దగ్గర కొటేషన్ తీసుకోవడం, డబ్బు ఏ విడతలో ఎంత ఇవ్వాలన్నది వచ్చే భాగంలో, ఆ ఎర్ర గుర్తుల దగ్గర నుంచే మొదలుపెడదాం.