ముసురు పట్టకముందే బ్యాకప్ ఎక్కడికి పోతోందో చూసుకోండి

మృగశిర కార్తె దగ్గర పడింది. వరంగల్, హన్మకొండ, కాజీపేటల్లో సొంత సర్వర్లు నడుపుకుంటున్న ఆఫీసులవాళ్లు ఈ వారంలోనే ఒక పూట తీరిక చేసుకుని, క్లస్టర్‌లో (ఒకటిగా కలిసి పనిచేసే సర్వర్ల గుంపులో) ఏ నోడ్ (అంటే ఒక్కో సర్వర్) బ్యాకప్ ఎక్కడికి వెళ్తోందో చూసుకోవాలి. 2023 జూలైలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 24 గంటల్లో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది. అదే వారం భద్రకాళి చెరువు కట్ట తెగింది. 2024 సెప్టెంబర్ 1న కేసముద్రం దగ్గర పట్టాల కింద కంకర కొట్టుకుపోయి రైళ్లు ఆగిపోయాయి. అలాంటి రోజున హైదరాబాద్ నుంచి ఇంజనీరు వస్తాడులే అనుకుంటే కుదరదు.

నేను వెర్టికా అనే డేటాబేస్ మీద పని చేస్తాను కాబట్టి దాని సంగతే చెప్తున్నా. మూడు నోడ్ల క్లస్టర్‌లో కే-సేఫ్టీ (ఎన్ని నోడ్లు పడిపోయినా తట్టుకోగలదో చెప్పే అంకె) 1 ఉంటే ఒక నోడ్ పడిపోయినా డేటాబేస్ నడుస్తుంది. చాలామంది అదే బ్యాకప్ అనుకుంటారు. మూడు నోడ్లూ ఒకే ర్యాక్‌లో, ఒకే గ్రౌండ్ ఫ్లోర్ గదిలో ఉంటే నీళ్లు మూడింట్లోకీ ఒకేసారి వస్తాయి. ఎవరైనా పొరపాటున డేటాబేస్‌లో ఒక టేబుల్ తుడిచేస్తే అన్ని నోడ్లలోనూ పోతుంది. బ్యాకప్ వేరే, అది తప్పనిసరి.

వెర్టికాలో బ్యాకప్ తీసే టూల్ వీబీఆర్. దాని కాన్ఫిగ్ ఫైల్‌లో మ్యాపింగ్ అనే భాగం ఉంటుంది. ఒక్కో నోడ్‌కు ఒక్కో లైను: ఎడమ పక్క నోడ్ పేరు, కుడి పక్క బ్యాకప్ హోస్ట్ (బ్యాకప్ దాచే మెషిన్), దాని డైరెక్టరీ. ఆ ఫైల్ తెరిచి ప్రతి లైనూ వేలు పెట్టి చదవండి. హోస్ట్ చోట ఖాళీ బ్రాకెట్లు ఉంటే ఆ నోడ్ బ్యాకప్ అదే నోడ్‌లో పడుతున్నట్టు. పొరపాటున తుడిచిన డేటా తెచ్చుకోవడానికి అది పనికొస్తుంది గానీ, మెషిన్ మునిగితే బ్యాకప్ కూడా దాంతోనే పోతుంది. కనీసం ఇంకో బిల్డింగ్‌లో, పై అంతస్తులో ఒక హోస్ట్ పెట్టండి. క్లస్టర్‌కు కొత్త నోడ్ కలిపి ఉంటే దానికీ లైను ఉందో లేదో చూడండి. డేటాబేస్ నడిపే డీబీఅడ్మిన్ యూజర్‌కు అన్ని నోడ్ల నుంచి బ్యాకప్ హోస్ట్‌కు పాస్‌వర్డ్ అడగకుండా ఎస్ఎస్‌హెచ్ (దూరం నుంచి ఇంకో మెషిన్‌లోకి లాగిన్ అయ్యే పద్ధతి) వెళ్లాలి. రూటర్ మార్చాక హోస్ట్ ఐపీ మారితే బ్యాకప్ అక్కడే ఆగిపోతుంది.

వానాకాలంలో అన్నిటికంటే ఎక్కువ జాగ్రత్త పడాల్సింది కరెంటు పోయి వచ్చాక. బ్యాకప్ హోస్ట్ మళ్లీ లేచినప్పుడు పెద్ద డిస్క్ మౌంట్ కాకుండా (సిస్టంకు జతపడకుండా) మిగిలిపోవచ్చు. డైరెక్టరీ పేరు మాత్రం అలాగే కనిపిస్తుంది, లోపల ఏమీ ఉండదు. అప్పుడు వీబీఆర్ ఈ లొకేషన్ ఇనిషియలైజ్ కాలేదని ఎర్రర్ ఇస్తుంది. కంగారులో వెంటనే ఇనిట్ (ఆ లొకేషన్‌ను కొత్తగా సిద్ధం చేసే కమాండ్) కొట్టకండి. కొడితే బ్యాకప్ అంతా ఆ హోస్ట్ సిస్టం ఉండే రూట్ డిస్క్‌లోకి పోయి, అది నిండి, హోస్టే మొరాయిస్తుంది. ముందు డిస్క్ మౌంట్ అయిందో లేదో చూడండి. కొత్త లొకేషన్ అయితేనే ఇనిట్.

స్థలం విషయంలో లెక్క సులువే: రిస్టోర్ పాయింట్లు (వెనక్కి వెళ్లగలిగే పాత బ్యాకప్‌లు) ఎక్కువ ఉంచుకుంటే డిస్క్ ఎక్కువ కావాలి.

దూరంగా హైదరాబాద్‌లో ఒక కాపీ ఉండటం మంచిదే. అయితే ఫైబర్ తెగిన రోజు అది అందదు. అందుకే దానికి వేరే కాన్ఫిగ్ ఫైల్ రాసుకుని, ఊళ్లో ఉన్న కాపీని మాత్రం ఎప్పుడూ వదలకండి.

బ్యాకప్‌ను పరీక్షించే వీబీఆర్ క్విక్ చెక్, ఫుల్ చెక్ రెండూ నడపండి. కానీ వాటితో తృప్తి పడొద్దు. ఉండాల్సిన ఫైళ్లు ఉన్నాయా లేదా అన్నదే అవి చూస్తాయి. నమ్మకం కుదరాలంటే వేరే మెషిన్ల మీద ఒకసారి రిస్టోర్ చేసి, ముఖ్యమైన టేబుళ్లలో వరసల లెక్క సరిపోల్చాలి. పూర్తి రిస్టోర్‌కు డేటాబేస్ ఆపి ఉండాలి, నోడ్ల సంఖ్య, వాటి పేర్లు, వెర్షన్ పాతవాటితో సరిపోవాలి. ఈ పని ముసురులో నేర్చుకునేది కాదు, ఎండ ఉండగానే చేసి చూడండి.

కాన్ఫిగ్ ఫైల్, పాస్‌వర్డ్ ఫైల్, లైసెన్స్ ఫైల్ మొదటి నోడ్‌లో మాత్రమే ఉంటే వాటి కాపీలు క్లస్టర్ బయట పెట్టండి. నోడ్ పేర్లు, డేటా పాత్‌లు, వెర్షన్ ఒక కాగితం మీద రాసి, మీరు లేనప్పుడు డ్యూటీలో ఉండే మనిషికి ఇచ్చి, ఒకసారి అతని చేతే రిస్టోర్ చేయించండి.